దించిన బండి

భీమవరం నుంచి ఉండి వెళ్ళే రోడ్డు పక్కన జ్ఞానప్రకాశం షెడ్డు. బండ్ల అడుగున బరువు మోసే స్ప్రింగు పట్టీలు, అదే కమాన్ కట్టలు, బిగిస్తాడు. పొద్దున్నే ట్రాక్టరుకి మోకేసి లాక్కొచ్చిన పికప్ బండి ఆ షెడ్డు మధ్యలో నిలబడి ఉంది. నిజం చెప్పాలంటే చతికిలబడి ఉంది. డ్రైవరు సీట్లో, రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, గోపాలకృష్ణంరాజుగారు. ఆయన కూర్చున్నారంటే, లేపే జాకీ ఈ జిల్లాలో ఇంకా తయారు కాలేదు.

"దిగనంటే దిగను ప్రకాశం. పాత కట్టలు ఎక్కించు, తాళం తిప్పుతాను, రొయ్యల చెరువుకి వెళ్ళిపోతాను. అందాకా ఈ సీటే నాకు వీధరుగు."

"మీరు లోపల కూచుంటే జాకీ ఎలా పెట్టమంటారండి రాజుగారు?"

"నాతో పాటే లేపు. నేనేమైనా ఐసు దిమ్మనా? పెళ్ళిలో మా మావగారు పల్లకీ ఎక్కించలేదు. ఆ సరదా నువ్వు తీర్చు."

"జారిందంటే నా మీదకొస్తుందండి."

"జారితే నీ షెడ్డుకి నా పేరు పెట్టుకో. మాట మార్చకు. నేనూ మా ఆవిడా పట్టిసీమ వెళ్ళేటప్పుడు ఈ బండి ఒంటెలా ఉంది. తిరిగొచ్చి పొద్దున్న చూస్తే బాతులా ఉంది. నా ఒంటెని బాతుని చేసిందెవరు?"

"నేనేనండి."

"చేయించిందెవరు అంటున్నాను."

"అంటే... చెన్నై నుంచి పార్సిల్లో వచ్చాయండి. ముందుకి పొట్టి స్ప్రింగులు, వెనక్కి వంపు లేని కట్టలు. కార్ల కుర్రోళ్ళు సరదాకి వేయించుకునే సామానండి అది. బిగించమన్నారు, బిగించాను."

"ఎవరన్నారు?"

"ఆయ్... అన్నారండి."

"స్ప్రింగులే అన్నాయా, ప్రకాశం మమ్మల్ని బిగించు అని?"

"అమ్మాయిగారన్నారండి."

"ఏ అమ్మాయిగారు?"

"మీకెంతమందండి మనవరాళ్ళు! భవ్యగారే. అదుగోండి, స్కూటీ దిగుతున్నారు. ఆవిణ్ణే అడగండి, నన్నొదిలెయ్యండి."

"రామ్మా భవ్యా, రా. ఇంజనీరింగులో చేరావంటే రాకెట్టు పైకి లేపుతావనుకున్నాను. ఉన్న బండిని కిందకి కుదించడానికా నీ చదువు?"

"తాతగారూ, టిఫిను చెయ్యకుండా వచ్చేశారంట. మామ్మగారు కంగారు పడుతున్నారండి. దిగండి, ఇంటికెళ్దాం."

"టిఫినా? తిన్నానమ్మా, తూము మీద, ఊరంతా చూస్తుండగా తిన్నాను. గట్టు ఎక్కే చోట తూము దిమ్మ ఉందా, దాని మీదకి ముందు చక్రాలు ఎక్కాయి. అంతే. బండి పొట్ట దిమ్మకి ఆనుకుంది. నాలుగు చక్రాలూ గాల్లో తిరుగుతున్నాయి. మధ్యలో నేను, తక్కెడలో ముల్లులాగ."

"నాలుగూ గాల్లోనేనాండి?"

"ఒకటి గాల్లో. మిగతా మూడూ సిగ్గుతో. పాలకేను పట్టుకుని అప్పారావు అక్కడే ఉన్నాడు. రాజుగారూ, ఊయల బాగుందాండీ అన్నాడు. ఇన్నేళ్ళలో వాడు నాతో ఎదురుగా వేళాకోళం ఆడటం అదే మొదలు. చెప్పు, ఎందుకు చేయించావు?"

"మీరే చెప్పారు కదండి."

"నేనా!"

"పట్టిసీమ నుంచి ఫోన్ చేసి ఏమన్నారు? తుపాను మబ్బు పట్టింది, బండి దించేయించమ్మా అన్నారు. దించేయించాను."

"ఓరి నాయనో. బండి దించమంటే బండిలో ఉన్న మేత బస్తాలు దించమని! బండ్లకి ఎడ్లు కట్టిన రోజుల నుంచీ ఇక్కడ బండి దించడమంటే సరుకు దించడం. బండినే దించే వాడు ఎక్కడైనా ఉంటాడా?"

"మా కాలేజీలో దించడమంటే ఇదేనండి. సీనియర్ల కార్లన్నీ దించినవే. రోడ్డుకి అతుక్కుని వెళ్తాయి, చూడ్డానికి బావుంటుంది."

"వానొస్తోందని బండి ఎత్తు తగ్గిస్తారా? ఎందుకు, మంచం కింద దూరి దాక్కోడానికా?"

"నాకలా అర్థమైందండి."

"సరే. మరి మేత బస్తాలు ఏమయ్యాయి? తడిసిపోయాయా?"

"లేదండి, అవీ దించేశాం. చెరువు దగ్గర మేత కొట్లో పెట్టించాను."

"ఆహా! అంటే నేనన్నది అర్థమయిందన్నమాట."

"రెండర్థాలూ వచ్చాయండి. ఏది మీదో తెలీక రెండూ చేశాను."

"ప్రకాశం, విన్నావా? ఈ పిల్లని ఇంజనీరింగు మాన్పించి లా చదివించాలి. నీకైనా బుద్ధుండక్కర్లేదా? రొయ్యలు మోసే బండి కదా ఇది. ఐసు బాక్సులెక్కిస్తే చక్రాలొచ్చి తొట్టిని ముద్దెట్టుకుంటాయి."

"చెప్పానండి. తూము కూడా ఎక్కదని చెప్పానండి."

"ఎక్కదని తెలిసే బిగించావా?"

"అంటే... ఎక్కదేమోనని చెప్పానండి."

"నా పాత కట్టలేవి?"

"అమ్మేశానండి."

"ఇంట్లో ఉన్నాయండి తాతగారూ."

"ఒకళ్ళు అమ్మేశామంటారు, ఒకళ్ళు ఇంట్లో ఉన్నాయంటారు. ముందు మీరిద్దరూ పక్కకెళ్ళి ఒక మాట అనుకుని రండి, నేనిక్కడే ఉంటాను. అయినా అబద్ధాలెందుకయ్యా? ఆ మూల గోనెపట్టా కప్పి పెట్టావే, అవేంటి? నా కట్టలు నాకు తెలీవా?"

"ఏ మూలండి?"

"అదుగో, గోడ వార. నల్లగా, ఒకదాని మీదొకటి పేర్చి."

"అది కుక్కండి. పడుకుంది."

"కుక్కా?"

"ఆయ్."

"చీకటి కొట్టంలా ఉంది నీ షెడ్డు. ఒక బల్బు పెట్టించుకోవయ్యా."

"అక్కడ ఎండ పడుతోందండి తాతగారూ."

"... అదా సంగతి! మళ్ళీ కళ్ళ గొడవన్నమాట. బాతూ లేదు, సీనియర్లూ లేరు. ఆ కంటి డాక్టరు మాట పట్టుకుని నువ్వూ మీ మామ్మా కలిసి ఆడిన నాటకం."

"నాటకం కాదండి. పొర అయితే తీసేస్తాం, ఇది నరం, పోయిన చూపు తిరిగి రాదు, బండి తోలొద్దన్నారు. మీ ఎదురుగానే అన్నారు కదండి."

"నా ఎదురుగా గోడ మీద అక్షరాలు చదవమన్నాడు. ఇంగ్లీషు అక్షరాలు. నాకు రావన్నాను. దానికి చూపు లేదని రాశాడు."

"తాతగారూ, మేం తాళం దాస్తే డూప్లికేటు చేయించుకున్నారు. డ్రైవర్ని పెడితే, వాడు గేరు మారుస్తుంటే రొయ్యలకి నిద్ర చెడుతోందని పంపేశారు. ఇంకేం చెయ్యమంటారండి? ఔను, మీరు గట్టెక్కకూడదనే దించేయించాను."

"బాగుంది. అందరి మనవలూ తాతల్ని గట్టెక్కిస్తారు. నువ్వు గట్టెక్కనివ్వకుండా చేశావు."

"నవ్వకండి."

"నవ్వక ఏం చెయ్యమంటావే? నా కాలు గట్టు మీద పడకపోతే రొయ్య మేత ముట్టదు. ఈ స్టీరింగు లాక్కున్నారనుకో, నాకు మిగిలేదేంటి? పొద్దున్న కాఫీ, మధ్యాహ్నం మజ్జిగ, సాయంత్రం మీ మామ్మ మొహం. నాకు కళ్ళెందుకమ్మా తోలడానికి? ఎనభై ఆరు వరదల్లో గట్టూ లేదు, రోడ్డూ లేదు, అంతా గోదారే. నా జీపు తేలింది. తేలితే భయపడ్డానా? స్టీరింగే చుక్కాని చేశాను, వైపర్లు తెడ్లు చేశాను. హారను కొడితే చేపలు పక్కకి తప్పుకున్నాయి. నరసాపురంలో ఎక్కినవాణ్ణి ఆచంటలో ఒడ్డుకొచ్చాను, చొక్కా తడవలేదు. ఔనా ప్రకాశం?"

"నేనప్పటికి పని నేర్చుకుంటున్నానండి. జీపులోంచి నీళ్ళు తోడింది గుర్తుందండి."

"నీళ్ళు కాదు, పులసలు తోడావు. చెప్పేదేంటంటే, ఇన్నేళ్ళు తోలాను, ఒక్క పిట్టని కొట్టలేదు. ఒక్క కోడిని కొట్టలేదు. కొట్టింది ఆ కొండచిలువ ఒక్కదాన్నే."

"ఆ కథ ఇప్పుడొద్దండి రాజుగారు."

"ఎందుకొద్దు? ఈ పిల్ల పూర్తిగా వినలేదు. మొన్న కార్తీకంలోనమ్మా, ఇంకా తెల్లారలేదు. మంచు పాలమీగడలా ఉంది, కత్తితో కోసి పక్కన పెట్టుకుంటూ వెళ్తున్నాను. అటు చెరువులో నీళ్ళు చిలికే ఏరియేటర్ల హోరు. వరదలకి పాపికొండల్లోంచి కొట్టుకొచ్చింది కాబోలు, గట్టుకి అడ్డంగా పడుకుంది. తోక మన చెరువులో, తల పక్కోళ్ళ చెరువులో."

"తాతగారూ."

"ఉండు. వెనక చక్రం దాని నడుం మీంచి వెళ్ళింది. మెత్తగా ఒక్క ఎగురు. బుస్సుమంది చూడు, ఆ గాలికి అద్దాలకున్న మంచంతా..."

"తాతగారూ, ఆపండి."

"అద్దాలకున్న మంచంతా విడిపోయింది. వెనక్కి చూస్తే అది..."

"అది పాము కాదండి."

"పాము కాకపోతే మొసలంటావా? మొసలి బాగానే ఉంటుంది, ఈసారి మొసలని చెప్తాను."

"అమ్మాయిగారూ, వద్దనుకున్నాం కదండి."

"అనుకున్నామండి. ఎన్నాళ్ళు? ప్రతిసారీ ఒక మూర పొడుగు పెంచి చెప్తుంటే నేను వినలేకపోతున్నాను. తాతగారూ, అది లోవరాజు కాలండి."

"కాలా?"

"మీ బండి చూసి పక్కకి దూకాడు. పడ్డాడు. కాలు గట్టు మీదే ఉండిపోయింది, మీ వెనక చక్రం దాని మీంచి వెళ్ళింది."

"ఏ లోవరాజు?"

"మన లోవరాజేనండి. చెరువు కాపలా."

"వాడా? వాడు మేత తెప్ప మీంచి జారి ఏరియేటరు ఇనుం మీద పడ్డాడు కదా. వాడే చెప్పాడు. నేనెళ్ళి చూసొచ్చాను కూడాను. బత్తాయిలు పట్టుకెళ్ళాను."

"ఔనండి."

"తెప్ప మీంచి జారానని వాడే చెప్పాడే!"

"చెప్పాడండి. మీకూ అలాగే చెప్పాడు, ఆస్పత్రిలోనూ అలాగే రాయించాడు."

"ప్రకాశం, ఈ పిల్ల ఏదో అంటోంది."

"నిజమేనండి. నేను డీజిలింజను సైలెన్సరు బిగించడానికి పక్కోళ్ళ చెరువుకొచ్చానండి ఆ పొద్దున్న. కేకలు విని వెళ్ళాను. నా ఆటోలోనే తీసుకెళ్ళాం."

"మరి నేను... నేను ఆపలేదా?"

"మీకు వినబడలేదండి. ఏరియేటర్లు తిరుగుతున్నాయి. మీరు పాటలు పెట్టుకున్నారు."

"భవ్యా, నేను వాడి మంచం దగ్గర కూచుని ఏమన్నానో తెలుసా?"

"తెలుసండి. వాళ్ళావిడ రత్తమ్మ చెప్పింది."

"ఏం చెప్పింది?"

"ఇప్పుడెందుకు తాతగారూ."

"చెప్పమంటున్నాను."

"తెప్ప మీద నిలబడ్డం రానోడివి తుని నుంచి ఇంత దూరం ఎలా వచ్చావురా, రైల్లో కూడా జారుతూనే వచ్చావా అన్నారంట."

"వాడు నవ్వాడే."

"నవ్వాడంటండి."

"ఆ కొండచిలువ సంగతి కూడా అక్కడే చెప్పాను. వాడికి కాలక్షేపంగా ఉంటుందని చెప్పాను."

"ఔనండి. అతనే అడిగాడంట కదా, ఎంత పొడుగుందండి అని."

"... అడిగాడు. నేను చేతులు చాపి చూపించాను. చాల్లేదు, రత్తమ్మని గుమ్మం దాకా వెళ్ళి నిలబడమన్నాను. ఇంత పొడుగు అన్నాను."

"నిలబడిందా అండి?"

"నిలబడింది. నాకు నీళ్ళిమ్మంటే గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయింది. మొగుడు మంచాన పడ్డాడు, దిగులు కాబోలు అనుకున్నాను."

"నీళ్ళు తాగండి తాతగారూ. ఇదుగోండి."

"వద్దు. వాడెందుకు చెప్పలేదు నాకు? ఒక్క మాట, రాజుగారూ మీరే అని. కొడతానా?"

"భయపడ్డాడండి. చెప్తే చెరువు మీంచి పంపేస్తారని. పెద్దోళ్ళ మీద మాట పెడితే ఈ చుట్టుపక్కల ఇంకెవరూ పనికి పెట్టుకోరని."

"నన్ను చూసి భయమా? నన్ను చూసి ఎవరైనా భయపడతారా ప్రకాశం? నేను అందరితోనూ వేళాకోళమే కదా ఆడతాను."

"మీరు ఆడతారండి. మేం నవ్వుతామండి. తప్పుగా అనుకోకండి రాజుగారు. నోరు జారాను."

"మీ మామ్మకి తెలుసా?"

"తెలుసండి. బండిని ఏమైనా చెయ్యవే, ఆయన్ని మాత్రం ఏమీ అనకు అన్నారు. పట్టిసీమ తీసుకెళ్ళి అన్ని రోజులు ఉంచిందే అందుకండి, ఈ పని అయ్యేదాకా మీరిక్కడ ఉండకూడదని."

"వీరభద్రుడికి మొక్కుందంది."

"మొక్కూ ఉందండి."

"అప్పారావుకి తెలుసా? ఊయల బాగుందా అన్నవాడికి?"

"తెలుసండి. రత్తమ్మకి తమ్ముడి వరస."

"అంటే నేను టీ కొట్టు దగ్గర ఆ కథ చెప్తే నవ్వేవాళ్ళకి..."

"అందరికీ కాదండి. కొంతమందికి."

"కాలెలా ఉంది? ఇప్పుడు నిజం చెప్పు."

"కడ్డీ వేశారండి. నడుస్తాడంట. కాని మడమ మామూలుగా వంగదన్నారు. కుంటుగానే ఉంటుంది. గట్టు చుట్టూ తిరిగే కాపలా ఇంక కష్టమండి."

"వచ్చేనెలకల్లా వచ్చేస్తానన్నాడు నాతో."

"మీతో అన్నాడండి."

"రత్తమ్మేమంటోంది?"

"అది వద్దులెండి."

"అమ్మా, ఇంత విన్నాను. అదీ చెప్పు."

"ఆయన మళ్ళీ ఆ బండేసుకుని గట్టు ఎక్కితే, ఈసారి నేనే టైరు కింద పడుకుంటాను, నన్నేం పామంటారో విందాం అంది. ఉత్తినే అనలేదండి. మీరు పట్టిసీమ వెళ్ళే ముందు రోజు తెల్లారగట్ట వచ్చి తూము మీద కూచుంది. మామ్మగారికి ఒంట్లో బాలేదని చెప్పి మిమ్మల్ని ఆ రోజు కదలనివ్వలేదు, గుర్తుందా? మామ్మగారికి ఏమీ లేదండి. నేను వెళ్ళి రత్తమ్మ కాళ్ళు పట్టుకున్నాను. బండి ఇంక గట్టు ఎక్కదు, నాదీ పూచీ అన్నాను. ఇచ్చిన మాట ఎలా నిలబెట్టుకోవాలో తెలీలేదు. తాళం దాచినా, టైర్లు కోసినా మీరు ఆపరు. అప్పుడు స్ప్రింగులు తెప్పించాను."

"ఊళ్ళో నా మర్యాద పోకుండా."

"ఔనండి. పిల్ల సరదా పడి బండి పాడు చేసిందనుకుంటారు, మీ గురించి ఎవరూ ఏమీ అనరు."

"నువ్వు తిట్లు తిందామనుకున్నావు."

"మీ తిట్లు బానే ఉంటాయి కదండి."

"... మంచు చాలా ఉందే ఆ పొద్దున్న."

"ఔనండి."

"లైట్లు వేసే ఉన్నాయి. నేనెప్పుడూ వేస్తాను."

"ఔనండి."

"మంచు కదా."

"తాతగారూ..."

"ఇప్పుడు మంచు లేదు. ఆ కుక్క ఇంకా అక్కడే ఉందా?"

"ఉందండి."

"నాకు కట్టల్లాగే కనబడుతోంది. చెప్పాక కూడా."

"మంచినీళ్ళు కొంచెం తాగండి రాజుగారు."

"ప్రకాశం, ఇటు రా. తలుపు తియ్యి. చెయ్యియ్యి."

"ఎక్కడికండి?"

"చెయ్యియ్యవయ్యా. నేల ఎంత దూరంలో ఉందో తెలీట్లేదు. ఇదివరకైతే అలవాటు మీద దూకేసేవాణ్ణి. మీరు ఎత్తు మార్చేశారు."

"ఇటండి. ఇంకొంచెం కిందకి. ఆ... అంతే. భవ్యగారూ, అటు పట్టుకోండి."

"పట్టుకున్నాను. నిదానంగా తాతగారూ. అయింది. స్కూటీ మీద వెళ్దామా?"

"ఇంటికి కాదు. లోవరాజు ఇంటి దగ్గర దింపు నన్ను. నువ్వు లోపలికి రాకు."

"రత్తమ్మ ఏమైనా అంటుందండి."

"అననీ. ప్రకాశం, మధ్యాహ్నానికల్లా ఆ చెన్నై సామాను ఊడదీసి, ఎక్కడ దాచారో ఆ పాత కట్టలు ఎక్కించెయ్యి."

"అదేంటండి! ఇంత విన్నాక మళ్ళీ మొదటికొస్తారేంటి తాతగారూ? నేను మాటిచ్చానండి ఆవిడకి!"

"చెరువులున్నాయి, మేత వెళ్ళాలి, ఎవరో ఒకరు తోలుకుంటారు. ఎత్తెయ్యి ప్రకాశం బండిని. దిగాల్సినవాడు దిగాడు."